రెండో టిక్కు కోసం: ఒక పదో తరగతి అబ్బాయి ఫోన్ అలవాటుపై కేస్ స్టడీ

2024 నవంబరులో ఒక శనివారం సాయంత్రం, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఉన్న నా కౌన్సెలింగ్ గదికి ఒక తల్లి పదిహేనేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. అబ్బాయి ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి. పంపింది వాళ్ల క్లాస్ టీచరు. మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతున్నాడని, లెక్కల్లో మార్కులు సగానికి పడిపోయాయని, అడిగితే తల దించుకుంటాడే తప్ప మాట్లాడడని ఒక కాగితం మీద రాసి ఇచ్చారు.

తల్లి కూర్చోకముందే మొదలుపెట్టింది. "మా గుంటడు రాత్రంతా ఫోన్లోనే ఉంటన్నాడు మేడమ్. ఏటి సెయ్యాలో తెలీట్లేదు. మీరే మాన్పించాలి."

అబ్బాయి గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తున్నాడు. ఫోన్ అమ్మ చేతి సంచిలో ఉంది. మేం మాట్లాడిన గంటలో అతని చూపు ఆ సంచి మీదికి చాలాసార్లు వెళ్లింది. వెళ్లినప్పుడల్లా ముఖంలో ఏదో ఆదుర్దా కనిపించింది. నా నోట్సు పుస్తకంలో కూడా "ఆదుర్దా" అనే మాటే రాసుకున్నాను. ఆ మాట విలువ నాకు నెల తర్వాత గానీ తెలియలేదు.

ఈ కేసు రాయడానికి తల్లీ కొడుకులిద్దరూ ఒప్పుకున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పిల్లల ఫోన్ అలవాట్ల మీద పనిచేసే కౌన్సెలర్లకు, టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను తప్పటడుగు వేసిన చోట్లు కూడా దాచలేదు.

ఇల్లు, ఇంట్లో ఫోన్

ఇంట్లో నలుగురు: తల్లి, అబ్బాయి, ఆరో తరగతి చదివే చెల్లి, నాన్నమ్మ. తండ్రి ప్రతి ఏడూ ఆగస్టులో గుజరాత్‌లోని వీరావల్ వెళ్తాడు. అక్కడ బోటులో కళాసీ. ఎండాకాలానికి గానీ ఇంటికి రాడు. సిక్కోలు తీరంలో చాలా ఇళ్ల కథ ఇదే. తల్లి తెల్లవారుజామున ఒడ్డున చేపలు కొని, చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముకుని వస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకోకపోతే నాలుగింటికి లేవలేదు. కొడుకు రాత్రి ఏం చేస్తున్నాడో ఆమెకు ఇన్నాళ్లూ తెలియకపోవడానికి కారణం అదే.

ఆమె దగ్గర బటన్ల ఫోన్ ఉంది. స్మార్ట్‌ఫోన్ ఇంటి మొత్తానికీ ఒక్కటే. తండ్రి కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చి వెళ్లాడు. పాఠాల వీడియోలు చూడటానికని అది అబ్బాయి చేతికి వచ్చింది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వచ్చే రీఛార్జ్ వేయించాడు. తండ్రి వీడియో కాల్ చేసేది కూడా ఈ ఫోన్‌కే. అందుకే తల్లి దాన్ని లాక్కోలేకపోయింది. లాక్కుంటే పిల్లలకు తండ్రి ముఖం కనిపించదు.

మొదటి రెండు సెషన్లు

ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక మాట స్పష్టంగా చెప్పాను. అబ్బాయి నాతో చెప్పేవి అమ్మకు చేరవు. ప్రాణానికి ముప్పు ఉంటేనో, ఎవరైనా అతనికి హాని చేస్తుంటేనో తప్ప. అప్పుడు కూడా ముందు అతనికి చెప్పే అమ్మకు చెప్తాను. తల్లి కాస్త నొచ్చుకుంది గానీ ఒప్పుకుంది. ఈ పని మొదటి రోజే చేయకపోతే పిల్లలు మనకు చెప్పేవి అమ్మానాన్నలకు చెప్పగలిగినవి మాత్రమే అవుతాయి. అమ్మాయిలు వచ్చినప్పుడు ఈ విషయంలో నేను ఇంకా ఎక్కువ జాగ్రత్త పడతాను. మన పక్క ఒక అమ్మాయి ఫోన్‌లో ఏదో దొరికిందంటే ఆ గొడవ ఫోన్‌తో ఆగదు. చదువు మాన్పించేదాకా, పెళ్లి మాటలదాకా పోతుంది.

తర్వాత అబ్బాయితో ఒంటరిగా మాట్లాడాను. ఫోన్ గురించి అడిగేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. దిగులుగా ఉంటోందా, ఆకలి ఎలా ఉంది, చచ్చిపోవాలనిపించిందా, ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తున్నారా, బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోయిందా, లోన్ యాప్‌ల జోలికి వెళ్లాడా. ఇవన్నీ సూటిగా, మామూలు గొంతుతో అడిగాను. దేనికీ అవునని చెప్పలేదు. స్నేహితుడికి మాత్రం ఎవరో తెలియని వాళ్లు వీడియో కాల్ చేసి, తర్వాత డబ్బు కోసం బెదిరించారని చెప్పాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరు రాసి, ఆ స్నేహితుడికి ఇమ్మన్నాను. తల్లికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. అబ్బాయి తీరులో భయపడాల్సింది ఏదైనా కనిపించి ఉంటే విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పంపేదాన్ని. ఆ అవసరం రాలేదు.

నిద్ర లెక్క చూస్తే గుండె కలుక్కుమంది. రాత్రి ఒంటిగంటన్నరకో రెండింటికో పడుకుని, ఐదున్నరకు లేస్తున్నాడు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. వీడికి నాలుగు గంటలు కూడా సరిగ్గా దక్కట్లేదు. లెక్కల్లో మార్కులు ఎందుకు పడ్డాయో తెలుసుకోవడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు.

కాగితం మీద "అడిక్షన్" అని రాయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ 11లో గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ, సోషల్ మీడియాకు విడిగా అలాంటి జబ్బు పేరు లేదు. అది ఒక కారణం. ఇంకో కారణం నా అనుభవం. అడిక్షన్ అన్నామంటే ఇంట్లో వాళ్లు పిల్లాణ్ని రోగిగా చూస్తారు, వాడేమో "నా వల్ల కాదు, నాది జబ్బు" అని చేతులెత్తేస్తాడు. "అలవాటు" అంటే అందులో మార్చుకునే వీలు ఉంది.

నేను చేసిన మొదటి తప్పు

రెండో సెషన్ చివర్లో తొందరపడ్డాను. పదో తరగతి, మార్చిలో పరీక్షలు, తల్లి కళ్లలో నీళ్లు. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, ఇన్‌స్టాగ్రామ్‌కు రోజుకు గంట పరిమితి పెట్టమన్నాను. అతను మారుమాట లేకుండా పెట్టాడు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను.

రెండు వారాల తర్వాత చూస్తే, నాలుగో రోజే ఆ పరిమితి తీసేశాడు. యాప్ మూసుకుపోగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైమర్ తీసేయడం, పొద్దున మళ్లీ పెట్టడం, రాత్రి మళ్లీ తీసేయడం. చివరికి పెట్టడం కూడా మానేశాడు. పైగా నాకు చెప్పడానికి సిగ్గుపడి ఒక సెషన్ ఎగ్గొట్టాడు. అంటే నా తొందర వల్ల అతనికి ఫోన్ తగ్గకపోగా, నా దగ్గర దాచాల్సిన విషయం ఒకటి పెరిగింది.

క్షమించమని అడిగాను. "ఆ గంట నేను పెట్టాను, నువ్వు పెట్టుకోలేదు. అది నా తప్పు బాబూ" అన్నాను. అతను మొదటిసారి తలెత్తి చూశాడు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అభివృద్ధి చేసిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతి మాలో చాలామంది చదువుకున్నదే. మారాలన్న మాట ఎదుటి మనిషి నోటి నుంచి రావాలి, మనం తోసే కొద్దీ వాళ్లు వెనక్కి లాగుతారు. పుస్తకంలో చదివి పరీక్ష రాసిన విషయమే. తల్లి ఏడుస్తుంటే మర్చిపోయాను.

నోటుబుక్

ఈసారి తగ్గించమని అడగలేదు. చూడమని మాత్రమే అడిగాను. ఒక ఇరవై రూపాయల నోటుబుక్ ఇచ్చి, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ తీసిన ప్రతిసారీ నాలుగు గడులు నింపమన్నాను. టైమ్ ఎంత, అప్పుడు ఏం చేస్తున్నావు, దేని కోసం తీశావు, పక్కన పెట్టేటప్పుడు ఎలా ఉంది. ఒక్కో గడిలో ఒకటి రెండు మాటలు చాలు. ఎన్నిసార్లు తీసినా నేనేమీ అననని మాటిచ్చాను. అబద్ధం రాయకు, రాయాలనిపించకపోతే ఖాళీ వదిలెయ్ అన్నాను.

డిసెంబరు రెండో వారంలో పది రాత్రుల లెక్కతో వచ్చాడు. మొత్తం నలభై ఒక్క ఎంట్రీలు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. పెన్ను అతని చేతిలోనే ఉంచాను.

ముందు నాకు కనిపించింది టైమ్ గడి. పన్నెండూ రెండు, పన్నెండూ ఒకటి, పన్నెండూ ఐదు. దాదాపు ప్రతి రాత్రీ సరిగ్గా పన్నెండు దాటగానే ఒక ఎంట్రీ ఉంది. ఎందుకని అడిగితే నా అమాయకత్వానికి ఆశ్చర్యపోయాడు. "పన్నెండుకి కొత్త డేటా పడతాది కద మేడమ్." రోజువారీ డేటా తొమ్మిదింటికల్లా అయిపోతుంది. తర్వాత స్పీడు పడిపోయి వీడియో కదలదు. అర్ధరాత్రి కొత్త కోటా వచ్చేదాకా మెలకువగా ఉంటాడు. టైమ్ లిమిట్లు, యాప్ లాకులు అని ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాను గానీ, ఈ పన్నెండు గంటల సంగతి నాకు తట్టలేదు. ఆ తర్వాత మా జిల్లాలో ఏ పిల్లవాణ్ని చూసినా రీఛార్జ్ ప్లాన్ ఏమిటని అడుగుతున్నాను. చాలామందికి పన్నెండు దాటాకే రెండో ఆట మొదలవుతోంది.

తర్వాత "దేని కోసం" గడి. నలభై ఒకటింటిలో ఇరవై మూడు చోట్ల ఒకటే మాట ఉంది. "నాన్న."

ఒక టిక్కు, రెండు టిక్కులు

బోటు వేటకు వెళ్లిందంటే పదిహేను ఇరవై రోజులు ఒడ్డుకు రాదు. సముద్రం మీద సిగ్నల్ ఉండదు. ఆ రోజుల్లో అబ్బాయి వాట్సాప్‌లో తండ్రికి ఏదైనా పంపితే ఒక్క టిక్కే పడుతుంది. బోటు హార్బర్‌కు చేరి ఫోన్‌కు సిగ్నల్ తగిలితే రెండో టిక్కు వస్తుంది. అబ్బాయి రాత్రుళ్లు ఆ రెండో టిక్కు కోసం చూస్తున్నాడు. టిక్కు రాలేదు. ఫోన్ ఎలాగూ చేతిలో ఉంది. వేలు ఇన్‌స్టా మీదికి వెళ్తుంది. రీల్ తర్వాత రీల్. నలభై నిమిషాలు పోయాక మళ్లీ వాట్సాప్. ఒక్క టిక్కే. మళ్లీ ఇన్‌స్టా.

"అంత బెంగ ఎందుకు? నాన్న ప్రతి ఏడూ వెళ్లొస్తున్నారు కదా" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. 2018 చివర్లో, అతనికి తొమ్మిదేళ్లప్పుడు, వీరావల్ నుంచి వేటకెళ్లి హద్దు దాటారని మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్థాన్ వాళ్లు పట్టుకున్నారు. వాళ్లు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఏడాదికి పైగా ఆ ఇళ్లలో ఏడుపులు అతను విన్నాడు. ఆ సంవత్సరం వాళ్ల నాన్న ఇంకో బోటులో ఉన్నాడు. "ఆ బోటు ఎక్కుంటే?" అన్న ప్రశ్న పదిహేనేళ్ల పిల్లాడు ఆరేళ్లుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరితోనూ అనలేదు. అమ్మతో అసలే అనలేదు, అమ్మ భయపడుతుందని.

సెప్టెంబరులో ఒక రాత్రి పదిన్నరకు తండ్రి వీడియో కాల్ చేశాడట. డేటా అయిపోయి కాల్ కలవలేదు. తెల్లవారే సరికి బోటు మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోయింది. మళ్లీ ముఖం చూడటానికి పద్దెనిమిది రోజులు పట్టింది. పన్నెండు దాకా మెలకువగా ఉండటం మొదలైంది ఆ రాత్రి తర్వాతే.

నా పుస్తకంలో మొదటి రోజు రాసుకున్న "ఆదుర్దా" దగ్గర ఆ సాయంత్రం గీత గీశాను. తల్లి పిచ్చి అనుకున్నది, టీచరు నిర్లక్ష్యం అనుకున్నది, నేను అలవాటు అనుకున్నది, ఆ అబ్బాయి లెక్కలో కాపలా.

రీల్స్ సంగతి

అంతా తండ్రి కోసమే అని రాస్తే అబద్ధం అవుతుంది. మిగతా పద్దెనిమిది ఎంట్రీలు రీల్స్‌వే. అక్టోబరులో అతను పెద్ద వల లాగుతున్న వీడియో ఒకటి పెట్టాడు. నలభై వేల మంది చూశారు. తర్వాత పెట్టిన ఆరింటికి మూడు వందలు దాటలేదు. వాటిలో నాలుగు తీసేశాడు. మళ్లీ నలభై వేలు ఎప్పుడొస్తాయో అని రోజుకు ఎన్నిసార్లు చూసుకునేవాడో అతనికే తెలియదు.

బహుమతి ఎప్పుడొస్తుందో తెలియకపోతే మనసు ఆ పనిని అంత తేలిగ్గా వదలదని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలతో చూపించిన సంగతి అతనికి చెప్పబోయాను. సగంలోనే అందుకున్నాడు. "వల లాగినట్టే మేడమ్. ఒకసారి నిండుతాది, పదిసార్లు ఖాళీ. ఖాళీ వచ్చిందని ఎవులూ మానీరు." నేను చెప్పబోయేదానికన్నా అదే బాగుంది. వల వేసేవాళ్లు కూడా చీకటి పడితే ఇంటికొస్తారు, రీల్స్‌కు చీకటి పడదు, కింద అంచు ఉండదు అన్నాను. ఆ మాట నోటుబుక్ అట్ట మీద రాసుకున్నాడు.

ఆ నలభై వేల మందిలో నీకు ఎవరు చూడాలనిపించింది అని అడిగాను. "నాన్న" అన్నాడు. ఒడ్డుకు వచ్చాక తండ్రి ఆ రీల్ చూసి, మనూరు చూసినట్టుంది అని వాయిస్ మెసేజ్ పెట్టాడట. నాకు వినిపించాడు. పన్నెండు సెకన్లు ఉంది. వెనకాల హార్బర్ గోల.

అతను వేసుకున్న ప్లాన్

ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత డేటా వాడిందో చూపించే పేజీ తెరవమన్నాను. రోజువారీ ఒకటిన్నర జీబీలో ఒక జీబీకి పైగా ఇన్‌స్టా ఒక్కటే తింటోంది. నేనేమీ అనలేదు. అతనే ఆ అంకెను చూస్తూ అన్నాడు: "అయితే నాన్న కాల్ పడకుండా సేసింది నేనే."

ఆ మాట తనను తాను తిట్టుకోవడం దగ్గర ఆగిపోకూడదు. అందుకని వెంటనే, ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావని అడిగాను. ఆ తర్వాత అరగంటలో వచ్చినవన్నీ దాదాపు అతని ఆలోచనలే.

రోజూ అర జీబీ నాన్న పేరు మీద దాచాలి. తండ్రి నంబరుకు వాట్సాప్‌లో వేరే టోన్ పెట్టాలి. మిగతా యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయాలి, గ్రూపులు మ్యూట్ చేయాలి. అప్పుడు ఆ టోన్ మోగితే అది నాన్నే. మాటిమాటికీ తెరిచి చూడక్కర్లేదు. డేటా పూర్తిగా కట్టేస్తే టిక్కు రాదు కాబట్టి, రాత్రి పదింటికి ఇన్‌స్టా లాగౌట్ చేయాలి. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాల్సి వస్తే ఆ కాసేపట్లో ఏం చేస్తున్నానో గుర్తొస్తుంది అన్నాడు. అలారం కోసం ఫోన్ పక్కన ఉండాలి అనే సాకు పోవడానికి ఒక టేబుల్ గడియారం కొన్నారు.

రాత్రి ఫోన్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. అమ్మ దగ్గర పెడితే అమ్మకు నిద్ర చెడుతుంది. వంటింట్లో పెడితే టోన్ వినిపించదు. చివరికి అతనే అన్నాడు: "నాన్నమ్మ తలగడ దగ్గిర పెడతాను. ఆవిడికి ఎలాగూ నిద్ర పట్టదు. టోన్ వస్తే నన్ను లేపుతాది."

తర్వాత తెలిసింది, నాన్నమ్మ ఆ పనికి ఎంత సంబరపడిందో. కొడుకు టోన్ ఏదో పది సార్లు వేయించుకుని గుర్తుపెట్టుకుందట. ఇంట్లో తనకు ఒక పని అప్పగించి చాన్నాళ్లయిందని తల్లి నాతో అంది.

ఫోన్ తీయాలనిపించే ఆ నిమిషాన్ని ఎలా దాటాలన్నది మిగిలింది. మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ చెప్పిన పద్ధతి ఒకటి ఉంది. కోరికను అలలా చూడాలి, లేస్తుంది, పైకెళ్తుంది, దానంతటదే విరుగుతుంది, దానితో పోట్లాడక్కర్లేదు అని. సముద్రం ఒడ్డు పిల్లాడికి ఇది బాగా ఎక్కుతుందనుకుని ఉత్సాహంగా చెప్పాను. అతను మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. ఒక అల విరిగిందని ఎవరూ తెప్ప తోయరట. పెద్ద అలలు వరసగా నాలుగైదు వస్తాయి, వాటి తర్వాత కాస్త సందు దొరుకుతుంది, ఆ సందులో తోసుకుపోవాలి. మొదటి అల పోగానే తోస్తే రెండోది తిరగేస్తుంది.

నోటుబుక్ మళ్లీ తీసి చూశాం. అతను చెప్పినట్టే ఉంది. పదింటికి, పదీ పావుకు, పదిన్నరకు వెంటవెంటనే తీశాడు. పదకొండు దాటాక ముప్పావు గంట దాకా ఏమీ లేదు. ఆ మూడు అలలూ దాటిస్తే నిద్రపోవచ్చు. ఆ అరగంటకు చెల్లికి ఎక్కాలు అప్పజెప్పించే పని పెట్టుకున్నాడు. చెల్లికి అది ఇష్టమో కాదో నేను అడగలేదు.

సంక్రాంతి

మూడు వారాలు బాగానే సాగింది. నిద్ర పదకొండున్నరకు వచ్చింది. నేను కాస్త ధీమా పడ్డాను.

2025 సంక్రాంతికి హైదరాబాద్, విశాఖ నుంచి పెదనాన్న, అత్త పిల్లలు దిగారు. అందరి చేతుల్లో ఫోన్లు, హాట్‌స్పాట్లు. నోటుబుక్ పక్కకు పోయింది. భోగి, సంక్రాంతి రెండు రాత్రులూ మూడింటిదాకా రీల్స్. తండ్రి బోటు అప్పటికి పంతొమ్మిది రోజులుగా సముద్రం మీద ఉంది. కనుమ రోజు రాత్రి తల్లి ఫోన్ లాక్కుంది, అందరి ముందూ రెండు దెబ్బలు వేసింది. అబ్బాయి అన్నం తినకుండా బయటికెళ్లిపోయాడు. అర్ధరాత్రి దాకా ఊరంతా వెతికారు. ఒడ్డున బోల్తా వేసిన తెప్ప కింద పడుకుని దొరికాడు.

తెల్లారి తల్లి ఫోన్ చేసింది. విన్నంతసేపూ నా తప్పు నాకు కనిపిస్తూనే ఉంది. పండగ వస్తుందని నాకు తెలుసు. చుట్టాలు వస్తారని తెలుసు. ప్లాన్ తప్పితే తల్లి ఏం చేయాలో, ఏ మాట అనాలో, ఏది అనకూడదో ఆమెతో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడలేదు. అబ్బాయితో పని చేస్తూ, ఆమెను ఫీజు కట్టే మనిషిగా బయట బెంచీ మీద కూర్చోబెట్టాను.

ఆ వారం ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. అబ్బాయి అనుమతి తీసుకుని, నాన్న గురించిన భయం సంగతి అమ్మకు చెప్పమన్నాను. అతను నేల వైపు చూస్తూ చెప్పాడు. ఒక్క టిక్కు, 2018, ఆ బోటు.

తల్లి చాలాసేపు పలకలేదు. తర్వాత తన సంచిలోంచి బటన్ల ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "నాను మాత్రం నిద్దరోతన్నానేటి? ఇది తలగడ కిందే ఎట్టుకుంటాను." ఎనిమిదిన్నరకు పడుకుంటుంది గానీ ఒంటిగంటకు మెలకువ వచ్చేస్తుందట. కొడుకు భయపడతాడని అతనికి చెప్పలేదట.

ఒకే ఇంట్లో ముగ్గురు, గోడకు ఆ పక్కా ఈ పక్కా పడుకుని, ఒకే మనిషి కోసం మేలుకుని ఉన్నారు. ఒకరికొకరు తెలియకుండా. ఆ రోజు నేను మాట్లాడింది చాలా తక్కువ. వాళ్లు వెళ్లేటప్పుడు తల్లి కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగింది.

జనవరి చివర్లో బోటు హార్బర్‌కు వచ్చినప్పుడు తండ్రితో వీడియో కాల్‌లో పావుగంట మాట్లాడాం. "మేడమ్ గారూ, ఒడ్డుకొస్తే నాను కూడా పొద్దస్తమానూ అదే సూస్తాను. ఆణ్నేటనగలను?" అన్నాడు. నిజాయితీగా ఉన్న మాట. రెండు విషయాలకు ఒప్పుకున్నాడు. వేటకు బయల్దేరేముందు ఎన్ని రోజుల్లో తిరిగొస్తారో అంచనా చెప్పాలి. ఒడ్డుకు రాగానే, ఎంత రాత్రయినా, ముందు ఒక వాయిస్ మెసేజ్ పెట్టాలి. బోటులో జీపీఎస్ ఎలా చూస్తారో, హద్దుకు ఎంత దూరంలో ఆగిపోతారో కొడుక్కు వివరంగా చెప్పాడు. ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదట. ఆ రోజు నుంచి ఇంట్లో గోడ క్యాలెండర్‌లో తండ్రి చెప్పిన తేదీ చుట్టూ అబ్బాయి సున్నా చుడుతున్నాడు. ఆ తేదీకి ముందు టిక్కు చూడటంలో అర్థం లేదని అతనే అనుకున్నాడు.

ఫలితాలు

2025 ఫిబ్రవరిలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో టీన్ అకౌంట్లు మొదలుపెట్టింది. అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, రోజుకు గంట దాటితే గుర్తు చేస్తుంది, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు ఆపేస్తుంది. పదహారేళ్ల లోపు పిల్లలు వీటిని సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. కానీ మా అబ్బాయి అకౌంట్‌లో వయసు ఇరవై అని ఉంది. అసలు వయసు వేసుకుంటావా అని అడిగాను. అకౌంట్ ప్రైవేట్ అయిపోతే తన రీల్స్ ఎవరూ చూడరని ఒప్పుకోలేదు. బలవంతపెట్టలేదు. తన పోస్టులకు లైకుల లెక్క కనిపించకుండా పెట్టుకోవడానికి, ఆదివారం మాత్రమే రీల్ పెట్టడానికి ఒప్పుకున్నాడు.

మార్చి 17న పరీక్షలు మొదలయ్యే నాటికి పదకొండు లోపే పడుకుని ఐదుంపావుకు లేస్తున్నాడు. ఆరు గంటల పైచిలుకు. ఆ వయసుకు అది ఇప్పటికీ తక్కువే. రోజుకు ఆరు గంటల స్క్రీన్ టైమ్ రెండున్నరకు వచ్చింది. మొదట్లో ఈ రెండో అంకెనే నేను ఎక్కువ పట్టించుకునేదాన్ని. ఇప్పుడు ముందు నిద్ర అడుగుతాను. పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. అందులో లెక్కల మాస్టారి కష్టం ఎంతో ఉంది.

మేలో తండ్రి వచ్చాడు. జూన్‌లో అబ్బాయిని చూసినప్పుడు నేను ఎదురుచూడని విషయం ఒకటి తెలిసింది. నాన్న పక్క గదిలోనే పడుకుని ఉన్నాడు, ఎదురుచూడాల్సిన టిక్కు లేదు. అయినా మంచం మీద నలభై నిమిషాలు రీల్స్ చూస్తూనే ఉన్నాడు. భయం వల్ల మొదలైన అలవాటు, భయం తగ్గినా తన కాళ్ల మీద తాను నిలబడి ఉంది. కారణం దొరికితే సగం పని అయిపోయినట్టే అని నేను అనుకున్నది తొందరపాటు.

ఆగస్టు చివర్లో తండ్రి మళ్లీ వీరావల్ వెళ్లాడు. అబ్బాయి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, రోజూ బస్సులో శ్రీకాకుళం వస్తున్నాడు. సెప్టెంబరులో ఒక సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా నా గదికి వచ్చి కొత్త నోటుబుక్ బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడగకుండానే వారం రోజులు రాశాడు. "దేని కోసం" గడిలో నాన్న అని రెండు చోట్లే ఉంది. "ఊరికే" అని తొమ్మిది చోట్ల ఉంది. ఆ తొమ్మిదింటికీ అతనే కింద గీత గీసుకొచ్చాడు. ఇప్పుడు వాటి మీద పని చేస్తున్నాం.